విశ్వం మొత్తం శక్తి స్థిరమన్న వాక్యాన్ని తొలగించండి: భౌతికశాస్త్ర పాఠ్యపుస్తక రచయితలకు బహిరంగ లేఖ

భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాల రచయితలకు, వాటిని పరిశీలించే సంపాదక మండళ్ల సభ్యులకు, విజ్ఞానశాస్త్ర వ్యాసకర్తలకు

ఆర్యులారా,

శక్తిని సృష్టించలేము, నాశనం చేయలేము, ఒక రూపం నుంచి మరో రూపంలోకి మాత్రమే మార్చగలము అని మీ పుస్తకాలన్నీ చెబుతాయి. చాలా పుస్తకాల్లో ఆ వెంటనే, కాబట్టి విశ్వంలోని మొత్తం శక్తి ఎల్లప్పుడూ స్థిరంగా ఉంటుంది అనే ఇంకో వాక్యం కనిపిస్తుంది. మొదటి వాక్యం మీద నా అభ్యంతరం చిన్నది: దానికి ఒక షరతు ఉంది, దాన్ని మీరు రాయడం లేదు. రెండో వాక్యం మీద అభ్యంతరం పెద్దది. ఇప్పుడు మనకు తెలిసిన విశ్వానికి అది వర్తించదు. దాన్ని తొలగించి, మొదటి వాక్యానికి షరతు చేర్చమని కోరడానికే ఈ లేఖ రాస్తున్నాను.

రెండో వాక్యానికి ఘనమైన పూర్వచరిత్రే ఉంది. 1865లో రుడాల్ఫ్ క్లాసియస్ ఉష్ణగతిక శాస్త్రపు రెండు మూల నియమాలను విశ్వమంతటికీ వర్తింపజేస్తూ, విశ్వం శక్తి స్థిరమనీ, విశ్వం ఎంట్రోపీ (క్రమరాహిత్యపు కొలత) గరిష్ఠం వైపు సాగుతుందనీ ప్రకటించారు. మేయర్, జౌల్, హెల్మ్‌హోల్ట్జ్‌ల కృషితో శక్తి నిత్యత్వ నియమం అప్పుడప్పుడే స్థిరపడుతున్న కాలమది. గెలాక్సీలు ఒకదానికొకటి దూరమవుతున్నాయని తెలియడానికి ఇంకా అరవై ఏళ్లకు పైగా పట్టింది కాబట్టి, ఆ వాక్యం రాసినందుకు క్లాసియస్‌ను తప్పుపట్టడానికి వీల్లేదు. అయితే 1922లో ఫ్రీడ్‌మన్, 1927లో లెమెయిటర్ విస్తరించే విశ్వాన్ని సమీకరణాల్లో చూపించి, 1929లో హబుల్ కొలతలు దాన్ని బలపరిచిన తరువాత కూడా, ఆ వాక్యం ముద్రణ తరువాత ముద్రణలో చెక్కుచెదరకుండా కొనసాగుతూనే ఉంది.

ఇక షరతు సంగతి. శక్తి ఎందుకు మారకుండా ఉంటుందన్న ప్రశ్నకు లోతైన జవాబు 1918లో గణితవేత్త ఎమ్మీ నోథర్ ఇచ్చారు. ఒక వ్యవస్థను నడిపించే నియమాలూ, ఆ వ్యవస్థ ఉన్న నేపథ్యమూ కాలంతో మారకపోతే, అంటే ఇవాళ చేసిన ప్రయోగాన్ని రేపు అదే తీరున చేస్తే అదే ఫలితం వచ్చేటట్లయితే, ఆ వ్యవస్థకు మారని రాశి ఒకటి ఉండి తీరుతుంది. ఆ రాశినే మనం శక్తి అంటున్నాం. స్థలంలో జరిపినా తేడా రాకపోతే ద్రవ్యవేగం, తిప్పినా తేడా రాకపోతే కోణీయ ద్రవ్యవేగం నిత్యమైనట్టే, కాలంలో జరిపినా తేడా రాకపోతే శక్తి నిత్యమవుతుంది. ఈ సౌష్ఠవం ఉన్నచోటే శక్తి నిత్యత్వం ఉంటుంది. అది లేనిచోట నియమానికి ఆధారమే ఉండదు.

నోథర్ ఈ పనికి పూనుకున్న సందర్భాన్ని మీలో చాలామంది ప్రస్తావించరు. 1915లో ఐన్‌స్టైన్ సాధారణ సాపేక్ష సిద్ధాంతం వెలువడ్డాక, అందులో శక్తి నిత్యత్వం పాత సిద్ధాంతాల్లో కనిపించినట్టు ఎందుకు కనిపించడం లేదన్న సందేహం గోటింగెన్‌లో గణితవేత్తలైన హిల్బర్ట్‌ను, క్లైన్‌ను వేధించింది. అదే ఏడాది వారి ఆహ్వానం మీద అక్కడికి చేరిన నోథర్ ఆ చిక్కుముడిని విప్పుతూ తన రెండు సిద్ధాంతాలను రుజువు చేశారు. అంటే ఇప్పుడు పుస్తకాల్లో శక్తి నిత్యత్వానికి గట్టి పునాదిగా చెప్పుకుంటున్న సిద్ధాంతం, గురుత్వాకర్షణ దగ్గర ఆ నియమం ఎందుకు జారిపోతోందో తెలుసుకునే ప్రయత్నంలో పుట్టింది. పునాది గురించి చెప్పి, దాన్ని ఏ అవసరం కోసం వేశారో చెప్పకపోవడం విద్యార్థికి సగం మాటే అందించడం.

విస్తరిస్తున్న విశ్వంలో కాల సౌష్ఠవం లేదు. నిన్నటి విశ్వం నేటి విశ్వం కంటే సాంద్రమైనది, వేడైనది. గెలాక్సీల మధ్య దూరాలు నిన్న తక్కువ, నేడు ఎక్కువ. ప్రకృతి నియమాలు మారలేదు గాని, ఆ నియమాలు పనిచేసే స్థలకాలం మారుతోంది. అందువల్ల అంతటికీ కలిపి ఒక మొత్తం శక్తిని నిర్వచించి, అది మారదని చెప్పడానికి మార్గం మూసుకుపోతుంది. మిగిలేది స్థానిక నియమం. స్థలకాలం వక్రత పట్టించుకోనవసరం లేనంత చిన్న ప్రాంతంలో, చిన్న కాలవ్యవధిలో, ఎంత శక్తి లోపలికి వచ్చిందో, ఎంత బయటికి పోయిందో లెక్క కచ్చితంగా కుదురుతుంది. ఐన్‌స్టైన్ సమీకరణాలే ఈ స్థానిక నియమాన్ని తప్పనిసరి చేస్తాయి. దీనికి మినహాయింపు లేదు. స్థానిక లెక్కలన్నిటినీ కలిపి విశ్వమంతటికీ ఒకే మొత్తం రాయబోయినప్పుడే చిక్కు వస్తుంది.

దీన్ని సూత్రాల్లో వదిలేయకుండా ఒక లెక్క వేసి చూపిస్తాను. ఇది పాఠశాల పై తరగతుల గణితంతో అందుకోగలిగినదే.

తొలినాటి విశ్వం నుంచి ఇవాళ్టికీ అంతటా మిగిలి ఉన్న వెలుగు, అంటే విశ్వ సూక్ష్మతరంగ నేపథ్య వికిరణం, తొలిసారి పారదర్శకమైన విశ్వంలోకి విడుదలైనప్పుడు విశ్వం వయసు దాదాపు 3,80,000 సంవత్సరాలు, ఉష్ణోగ్రత దాదాపు 3000 కెల్విన్లు. ఇవాళ అదే వికిరణం ఉష్ణోగ్రత 2.725 కెల్విన్లు. ఈ మధ్యకాలంలో విశ్వంలోని దూరాలన్నీ దాదాపు 1090 రెట్లు పెరిగాయి, దాంతోపాటే కాంతి తరంగదైర్ఘ్యాలూ అన్ని రెట్లు సాగాయి. మిల్లీమీటరులో వెయ్యోవంతు దగ్గర అత్యంత తీవ్రంగా ఉన్న ఆ వెలుగు ఇప్పుడు మిల్లీమీటరు దగ్గర ఉంది. కాంతి కణమైన ఫోటాన్ శక్తి తరంగదైర్ఘ్యానికి విలోమానుపాతంలో ఉంటుంది కాబట్టి, ఒక్కో ఫోటాన్ శక్తి 1090వ వంతుకు పడిపోయింది.

ఇప్పుడు ఒక ఘనమీటరు ఖాళీ స్థలాన్ని తీసుకుందాం. నేడు ఒక ఘనసెంటీమీటరులో ఇలాంటి ఫోటాన్లు సగటున 411 ఉంటాయి, ఘనమీటరులో 41.1 కోట్లు. విశ్వంతోపాటు విస్తరిస్తూ వచ్చిన ఈ ఘనాన్ని వెనక్కి నడిపిస్తే, వికిరణం విడుదలైన నాటికి దాని భుజం మిల్లీమీటరు కంటే కాస్త తక్కువ, 0.92 మిల్లీమీటరు. అంత చిన్న ఘనంలో కూడా సగటు లెక్కన 41.1 కోట్ల ఫోటాన్లే ఉండేవి, ఎందుకంటే బయటికి వెళ్లినన్నే లోపలికి వచ్చాయి. అప్పుడు వాటి మొత్తం శక్తి 4.5×10⁻¹¹ జౌళ్లు, ఇప్పుడు 4.2×10⁻¹⁴ జౌళ్లు. ఫోటాన్ల సంఖ్య మారలేదు. దారిలో ఏదో పదార్థం వాటి శక్తిని పీల్చుకున్నదీ లేదు; ఆ తరువాత నక్షత్రాలు పుట్టి వాయువును మళ్లీ అయనీకరించినప్పుడు జరిగిన కొద్దిపాటి పరిక్షేపణ ఈ లెక్కలో ఎక్కడా కనిపించనంత స్వల్పం. వెయ్యి భాగాల్లో తొమ్మిది వందల తొంభై తొమ్మిది భాగాల శక్తి ఇప్పుడు ఆ ఫోటాన్ల దగ్గర లేదు.

మరి ఎక్కడికి పోయింది? విశ్వం శక్తి స్థిరమని చదివిన విద్యార్థి తప్పక వేసే ప్రశ్న ఇది, వేయవలసిన ప్రశ్న కూడా. కొన్ని పుస్తకాలు దీనికి ఇచ్చే జవాబు, వికిరణం వ్యాకోచిస్తూ పని చేసింది కాబట్టి చల్లబడింది అని. సిలిండరులో బంధించిన వాయువు పిస్టన్‌ను నెడుతూ చల్లబడినప్పుడు పోయిన శక్తి పిస్టన్‌కు చేరుతుంది, పిస్టన్ నుంచి దానికి తగిలించిన బరువుకు చేరుతుంది. సమీకరణం విశ్వానికీ అక్షరాలా అదే: శక్తిలో మార్పు, పీడనాన్ని ఘనపరిమాణంలోని మార్పుతో గుణించి ముందు మైనస్ గుర్తు పెడితే వస్తుంది. వికిరణ పీడనం దాని శక్తి సాంద్రతలో మూడోవంతు కాబట్టి, పైన చెప్పిన తగ్గుదల ఈ సమీకరణం నుంచి సరిగ్గా వస్తుంది. కాని విశ్వంలో పిస్టన్ లేదు. మనం తీసుకున్న ఘనం పక్కన అలాంటిదే మరో ఘనం ఉంది, దానిలోనూ శక్తి అదే నిష్పత్తిలో తగ్గుతోంది. దాని పక్కదానిలోనూ అంతే. పీడనం అంతటా సమానం కాబట్టి ఎవరూ ఎవరినీ నెట్టడం లేదు. అందరూ పోగొట్టుకున్నారు, పొందినవారు ఎవరూ లేరు. పని చేసింది అని రాసినవారు ఎవరి మీద అన్నది కూడా రాయాలి. రాయలేరు కనుక ఆ మాటను సమీకరణానికి పెట్టిన పేరుగానే వాడాలి తప్ప వివరణగా వాడకూడదు.

ఇంకో చక్కని వివరణ ఉంది, అది నాకు ఎక్కువ నచ్చుతుంది. కాంతి దారి పొడవునా, విశ్వ విస్తరణతో కదులుతున్న పరిశీలకులను దగ్గర దగ్గరగా నిలబెట్టినట్టు ఊహించుకోండి. ప్రతి పరిశీలకుడు తన వెనుకవాడి నుంచి కొద్దిపాటి వేగంతో దూరమవుతుంటాడు కాబట్టి, ఫోటాన్‌లో కాస్త డాప్లర్ తగ్గుదల (దూరమవుతున్నప్పుడు తరంగదైర్ఘ్యం సాగి శక్తి తగ్గడం) చూస్తాడు. ఈ చిన్న తగ్గుదలలన్నీ కలిసి 1090 రెట్లయ్యాయి. నిర్దేశ చట్రం మారితే శక్తి విలువ మారుతుందన్నది న్యూటన్ యాంత్రిక శాస్త్రంలోనూ మామూలు విషయమే. దానిని నష్టమని ఎవరూ అనరు. ఈ కోణంలో చూస్తే ఫోటాన్ ఏమీ పోగొట్టుకోలేదు, కొలిచేవారే మారారు. అయితే దీనితో మొత్తం శక్తి తిరిగి చేతికి వస్తుందనుకోకూడదు. ఎవరి కొలతలను కలిపి కూడాలో చెప్పే ఉమ్మడి చట్రం లేకపోవడమే ఇక్కడి అసలు సంగతి.

ఇక కృష్ణశక్తి. విశ్వ విస్తరణ వేగాన్ని పెంచుతున్న, డార్క్ ఎనర్జీ అని ఎక్కువగా పిలుచుకునే దీన్ని 1998లో రెండు పరిశోధక బృందాలు దూరపు సూపర్‌నోవాల వెలుగును కొలిచి గుర్తించాయి. ఆ బృందాల తరఫున పెర్ల్‌మటర్, ష్మిట్, రీస్‌లకు 2011లో నోబెల్ బహుమతి లభించింది. విశ్వంలోని శక్తి సాంద్రతలో ఇవాళ దాదాపు 68 శాతం దీనిదే. ఐన్‌స్టైన్ 1917లో ప్రవేశపెట్టిన విశ్వస్థిరాంకంగా, అంటే ఖాళీ స్థలానికే ఉండే మారని శక్తి సాంద్రతగా దీన్ని తీసుకుంటే, విశ్వం ఎంత విస్తరించినా దీని సాంద్రత తగ్గదు: ఘనమీటరుకు దాదాపు 5.3×10⁻¹⁰ జౌళ్లు. ఒక ఘన కిలోమీటరు స్థలంలో ఉన్న కృష్ణశక్తి మొత్తం అర జౌలు పైచిలుకు, అంటే యాభై గ్రాముల బరువును మీటరు ఎత్తుకు లేపడానికి సరిపోయేంత. భూమంత ఘనపరిమాణంలో ఉన్నదాన్ని ద్రవ్యరాశిగా లెక్కిస్తే ఆరు మిల్లీగ్రాములు. ఇంత పలచని శక్తి విశ్వం గతిని శాసిస్తోందంటే, గెలాక్సీల నడుమ ఉన్న ఖాళీ ఎంత విశాలమో దాన్ని బట్టే ఊహించవచ్చు.

సాంద్రత మారకుండా ఘనపరిమాణం పెరిగితే మొత్తం పెరుగుతుంది. మన ఘనాన్నే తిరిగి తీసుకుంటే, భుజం 0.92 మిల్లీమీటరు ఉన్ననాడు అందులోని కృష్ణశక్తి 4×10⁻¹⁹ జౌళ్లు, ఇవాళ 5.3×10⁻¹⁰ జౌళ్లు. వంద కోట్ల రెట్లకు మించిన పెరుగుదల ఇది. సమీకరణం మాత్రం పాతదే. కృష్ణశక్తి పీడనం రుణాత్మకం, పరిమాణంలో దాని శక్తి సాంద్రతకు సమానం. సమీకరణంలో ముందే ఉన్న మైనస్ గుర్తుతో ఇది కలిసి ప్లస్ అవుతుంది, కాబట్టి విస్తరించే కొద్దీ శక్తి పెరుగుతుంది.

విజ్ఞాన వ్యాసాల్లో తరచు కనిపించే ఒక మాటను ఈ రెండు అంకెలతోనే పరీక్షించవచ్చు. కాంతి పోగొట్టుకున్న శక్తే కృష్ణశక్తిగా మారుతోందని, అందువల్ల పద్దు సరిపోతుందని కొందరు రాస్తున్నారు. వినడానికి హాయిగా ఉంటుంది. మన ఘనంలో నేపథ్య వికిరణం పోగొట్టుకున్నది 4.5×10⁻¹¹ జౌళ్లు, కృష్ణశక్తి పొందినది 5.3×10⁻¹⁰ జౌళ్లు, పొందినది పోగొట్టుకున్నదానికి దాదాపు పన్నెండు రెట్లు. కాలక్రమం కూడా కుదరదు. వికిరణం తన శక్తిలో సగాన్ని విడుదలైన తరువాత పది లక్షల సంవత్సరాలు నిండకముందే పోగొట్టుకుంది. మన ఘనంలో నేడున్న కృష్ణశక్తిలో సగం గత 300 కోట్ల సంవత్సరాల్లో చేరినదే. ఖర్చుకూ జమకూ మధ్య వెయ్యి కోట్ల సంవత్సరాల ఎడం ఉంటే, ఆ సొమ్ము ఇంతకాలం ఎవరి దగ్గర ఉన్నట్టు? పోనీ ఇంకాస్త ముందు నుంచి లెక్క మొదలుపెడదామంటే, వికిరణ నష్టం ఎన్ని రెట్లు కావాలంటే అన్ని రెట్లు పెరుగుతుంది, కృష్ణశక్తి లాభం మాత్రం దాదాపు మారదు. మొదలుపెట్టే తేదీని బట్టి సరిపోయే పద్దును పద్దు అనలేము.

దీనికి ఎదురుగా ఇంకో వర్గం వ్యాసకర్తలు కృష్ణశక్తి శక్తి నిత్యత్వ నియమాన్ని బద్దలు కొట్టిందని శీర్షికలు పెడుతున్నారు. వారితో కూడా నాకు పేచీ ఉంది. మొత్తం శక్తి స్థిరంగా లేకపోవడానికి కారణం విస్తరణ. నేపథ్య వికిరణాన్ని పెంజియాస్, విల్సన్ గుర్తించిన 1965 నాటికే కాంతి శక్తి తగ్గుదల లెక్క అందరి ముందూ ఉంది, కృష్ణశక్తిని అప్పటికి ఎవరూ గుర్తించలేదు. పైగా చిత్రమేమిటంటే, పదార్థమూ వికిరణమూ ఏమీ లేకుండా విశ్వస్థిరాంకం ఒక్కటే ఉన్న డి సిటర్ స్థలకాలంలో, ఏ పరిశీలకుడి చుట్టూ తీసుకున్నా అతని క్షితిజం (అతనికి కాంతి చేరగల హద్దు) లోపలి ప్రాంతానికి కాల సౌష్ఠవం ఉంటుంది. అంటే అక్కడ కదిలే కణానికి నిత్యమైన శక్తిని నిర్వచించవచ్చు. ముద్దాయిగా నిలబెట్టిన కృష్ణశక్తి ఒంటరిగా ఉన్నప్పుడు నియమానికి కాస్త చోటు దొరుకుతోంది; అమాయకంగా కనిపించే కాంతీ పదార్థమూ ఉన్నప్పుడు అదీ దొరకడం లేదు.

ఈ సందర్భంలో చిన్న పాత సంగతి ఒకటి. 1948లో బాండి, గోల్డ్, హాయిల్ ప్రతిపాదించిన స్థిరస్థితి విశ్వంలో, విస్తరణ వల్ల ఏర్పడే ఖాళీని పూడ్చడానికి పదార్థం కొత్తగా పుడుతూ ఉండాలి. ఇది శక్తి నిత్యత్వానికి విరుద్ధమని చాలామంది వెక్కిరించారు. 1951లో మెక్‌క్రే, రుణాత్మక పీడనాన్ని అంగీకరిస్తే సాపేక్ష సిద్ధాంతానికి దానితో విరోధమేమీ లేదని చూపించారు. ఆ సిద్ధాంతం చివరికి ఓడిపోయింది పరిశీలనల చేతిలో, ముఖ్యంగా నేపథ్య వికిరణం చేతిలో. వెక్కిరింపుకు వాడిన వాదన మాత్రం ఆ తరువాత కూడా, ఇప్పటికీ, పుస్తకాల్లో తిరుగుతూనే ఉంది.

గురుత్వాకర్షణకు రుణాత్మక శక్తి ఉంటుందనీ, దాన్ని కలిపితే విశ్వం మొత్తం శక్తి సున్నా అవుతుందనీ మీలో కొందరు నాకు జవాబు చెప్పవచ్చు. దీన్ని నేను తేలికగా తీసిపారేయను. న్యూటన్ పద్ధతిలో పదార్థపు గోళాన్ని ఊహించి, దాని గతిశక్తికి స్థితిశక్తిని కలిపితే, విశ్వ విస్తరణను వర్ణించే ఫ్రీడ్‌మన్ సమీకరణాన్ని పోలినదే వస్తుంది. బోధనకు అది పనికొచ్చే మెట్టు. కాని సాధారణ సాపేక్ష సిద్ధాంతంలో గురుత్వ శక్తి ఈ బిందువు దగ్గర ఇంత ఉంది అని చెప్పడం సాధ్యం కాదు. స్వేచ్ఛగా పడిపోతున్న పరిశీలకుడికి తన దగ్గర గురుత్వ క్షేత్రమే కనిపించదు. అది తుల్యతా సూత్రం. ఐన్‌స్టైన్ స్వయంగా గురుత్వ శక్తికి ఒక సూత్రాన్ని ప్రతిపాదిస్తే, 1918లో ష్రోడింగర్ ఒకరకం నిరూపకాల్లో సూర్యుని వంటి గోళం వెలుపల ఆ శక్తి సున్నా అవుతుందని చూపించారు. అదే ఏడాది బావర్ ఏ గురుత్వమూ లేని చదునైన స్థలంలో, కేవలం నిరూపకాలు మార్చినంత మాత్రాన, అది సున్నా కాకుండా పోతుందని చూపించారు. గీతలు గీసుకునే తీరును బట్టి పుట్టి మాయమయ్యే రాశిని విశ్వం మూటగట్టుకున్న శక్తిగా విద్యార్థికి పరిచయం చేయడం సరికాదు. మూసుకుని ఉన్న (హద్దు లేకున్నా పరిమితమైన) విశ్వానికి మొత్తం సున్నా అన్న ఫలితం, లోపల ఏం జరిగినా, ఎలాంటి పదార్థమున్నా సున్నాగానే వస్తుంది. ఏం జరిగినా మారని జవాబు జరిగినదాని గురించి ఏమీ చెప్పదు. ఆ జమాఖర్చును ఇష్టపడే విశ్వశాస్త్రవేత్తలు ఉన్నారు, ఉండనివ్వండి; దాన్ని ఒక దృక్పథంగా పేర్కొనండి, నియమానికి రుజువుగా పేర్కొనకండి.

ఇదంతా చదివి సాధారణ సాపేక్ష సిద్ధాంతంలో శక్తికి చోటే లేదని ఎవరైనా అనుకుంటే అదీ పొరపాటే. మిగతా విశ్వానికి దూరంగా ఉన్న వ్యవస్థకు, దాని చుట్టూ స్థలకాలం క్రమంగా చదునవుతున్నప్పుడు, మొత్తం శక్తిని నిర్వచించే పద్ధతిని ఆర్నోవిట్, డెజర్, మిస్నర్ రూపొందించారు. అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. 1974లో హల్స్, టేలర్ కనుగొన్న జంట పల్సార్ (క్రమం తప్పక రేడియో స్పందనలు పంపే నక్షత్రం, దాని జంట నక్షత్రం) కక్ష్య, గురుత్వ తరంగాలు మోసుకుపోయే శక్తికి తగినట్టే కుదించుకుపోతోంది. 2015 సెప్టెంబరు 14న నమోదైన తరంగాల వెనుక, సూర్యునికి దాదాపు 36 రెట్లు, 29 రెట్లు ద్రవ్యరాశి గల రెండు కృష్ణ బిలాలు కలిసి 62 రెట్ల బిలమయ్యాయి; తక్కువపడిన మూడు సూర్యుల ద్రవ్యరాశి తరంగాల రూపంలో వెళ్లిపోయింది. ఇక్కడ కూడిక, తీసివేత రెండూ సరిపోయాయి, ఎందుకంటే అంత దూరం నుంచి చూసినప్పుడు ఆ జంటకు కాల సౌష్ఠవంతో కూడిన నేపథ్యం ఉంది.

అదే కారణం వల్ల సౌర కుటుంబంలో గాని, ప్రయోగశాలలో గాని, విద్యుత్ కేంద్రంలో గాని శక్తి నిత్యత్వానికి వచ్చిన లోటు ఏమీ లేదు. గురుత్వంతోనో విద్యుద్బలాలతోనో కట్టుబడి ఉన్న వస్తువులు విశ్వంతోపాటు విస్తరించవు. ఖాళీ స్థలం నుంచి అంతులేని శక్తిని తోడిపెడతామని చెప్పే నిరంతర చలన యంత్రాల ప్రచారకులు కృష్ణశక్తి పేరును ఇప్పటికే వాడుకుంటున్నారు. వారికి ఇవ్వవలసిన జవాబు, నియమాన్ని ఎక్కడికైనా వర్తిస్తుందని గుడ్డిగా రాసిన పుస్తకంలో దొరకదు. షరతు చెప్పిన పుస్తకంలో దొరుకుతుంది. యంత్రం ఉన్న గదిలో కాల సౌష్ఠవం చెక్కుచెదరకుండా ఉంది, కాబట్టి యంత్రం పనిచేయదు. అంతటా సమానంగా పరుచుకుని, తేడా అన్నదే లేని శక్తిని ఆ గదిలో నుంచి తోడుకోవడానికి పల్లం కూడా లేదు.

పీడనం గురించి ఒక్క మాట అడగవలసి ఉంది. రుణాత్మక పీడనం గెలాక్సీలను బయటికి నెడుతోంది అని రాయడం మానండి. రుణాత్మక పీడనమంటే నెట్టేది కాదు, బిగలాగేది. పైగా అంతటా సమానంగా ఉన్న పీడనం ఎటూ లాగదు, ఎటూ నెట్టదు. విస్తరణ వేగం పుంజుకోవడానికి కారణం, ఐన్‌స్టైన్ సిద్ధాంతంలో పీడనం కూడా గురుత్వాన్ని పుట్టిస్తుంది. విస్తరణను అడ్డుకునే రాశి శక్తి సాంద్రతకు మూడింతల పీడనాన్ని కలిపితే వస్తుంది. కృష్ణశక్తికి ఆ కూడిక రుణాత్మకమవుతుంది, దాంతో అడ్డుకోవలసిన గురుత్వం వేగాన్ని పెంచుతుంది. నెట్టుడు కథ చెబితే విద్యార్థి వెంటనే నెట్టడానికి శక్తి ఎక్కడిదని అడుగుతాడు, లేని పిస్టన్ మళ్లీ తిరిగొస్తుంది.

ఇవన్నీ చిన్న తరగతుల పిల్లలకు అవసరమా అన్న ప్రశ్న సంపాదక మండళ్ల నుంచి వస్తుందని తెలుసు. నోథర్ సిద్ధాంతాన్ని, సాపేక్ష సమీకరణాలను చిన్న తరగతుల్లో పెట్టమని నేను అడగడం లేదు. వివిక్త వ్యవస్థ అన్న మాట మీ పుస్తకాల్లో ఇప్పటికే ఉంది. దాన్ని వాడి, బయటితో శక్తి ఇచ్చిపుచ్చుకోని వ్యవస్థలో, దాని చుట్టూ ఉన్న పరిస్థితులు కాలంతో మారనంతవరకు, మొత్తం శక్తి స్థిరంగా ఉంటుంది అని రాస్తే చాలు. విశ్వం ప్రస్తావన అక్కడ అక్కరలేదు. పై తరగతుల పుస్తకంలో ఇంకొక్క పేరా చేర్చి, విస్తరిస్తున్న విశ్వానికి ఈ షరతు వర్తించదనీ, అక్కడ శక్తి నియమం స్థానికంగా మాత్రమే నిలుస్తుందనీ చెప్పి, పైన నేను వేసిన ఘనమీటరు లెక్కను అభ్యాసంగా ఇవ్వండి. ఉష్ణోగ్రతల నిష్పత్తి, ఘనపరిమాణాల నిష్పత్తి, రెండు గుణకారాలు. అంతకు మించిన గణితం అందులో లేదు.

ఆ పేరా రాసేటప్పుడు కృష్ణశక్తి సాంద్రత ఎన్నటికీ మారదని మాత్రం గట్టిగా రాయకండి. ఆరిజోనాలోని కిట్ పీక్ మీద పనిచేస్తూ గెలాక్సీల స్థానాలను, దూరాలను కొలుస్తున్న డెసి పరికరం కొలతలు 2024లోనూ, 2025లోనూ, ఆ సాంద్రత కాలంతో మారుతూ ఉండవచ్చన్న సూచనలు ఇచ్చాయి. అవి తిరుగులేని రుజువు స్థాయికి ఇంకా చేరలేదు, పరిశీలనలు కొనసాగుతున్నాయి. సాంద్రత మారుతున్నట్టు తేలినా స్థానిక నియమం అలాగే ఉంటుంది. పీడనానికీ సాంద్రతకూ ఉన్న నిష్పత్తి మైనస్ 1కి బదులు మరో విలువ అవుతుంది, ఘనమీటరు అభ్యాసంలో కృష్ణశక్తి తాలూకు అంకె మాత్రం మళ్లీ లెక్కించుకోవలసి వస్తుంది.

భవదీయుడు,
ఒక భౌతికశాస్త్ర అధ్యాపకుడు